పురిటి గదిలో కుంపటి

శ్రీనగర్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. స్వస్థలం విజయనగరం. భర్త కేంద్ర ప్రభుత్వోద్యోగి, ఈమధ్యనే కాశ్మీరుకు బదిలీ అయింది. అమ్మాయి పురిటికి అక్కడికే వస్తోంది. నెలలు నిండేది జనవరిలో. ఆమె రాసిన దాంట్లో ముఖ్యమైన భాగం ఇది:

"మా అమ్మ నన్ను కన్నప్పుడూ, నేను మా అమ్మాయిని కన్నప్పుడూ మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టే కాచారు. ఇద్దరం నిక్షేపంగా ఉన్నాం. ఇక్కడి చలికి మన కుంపటి ఏ మూలకీ చాలదంటున్నారు. బజారులో బొగ్గుతో మండే ఇనప పొయ్యిలు రకరకాలు పెట్టి అమ్ముతున్నారు. గొట్టం ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. గొట్టం కోసం గోడకు కన్నం పెట్టనివ్వనని ఇంటి యజమాని అంటున్నాడు. గొట్టం లేనిదే కొనుక్కుని, పొగంతా పోయాక గదిలోకి తెచ్చుకుంటే సరిపోదా? పసిబిడ్డ ఉన్న గదికి ఏ పొయ్యి మంచిదో దయచేసి చెప్పండి."

అమ్మా, సరిపోదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఈ వారం శీర్షిక అంతా కేటాయిస్తున్నాను. ఎందుకంటే "పొగంతా పోయాక" అన్న మాట నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. ఆ మాట నమ్మిన ఒక కుటుంబం విషయంలో నేనే పొరబడ్డాను కూడా.

1998 డిసెంబరు. నేను ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. తూర్పు కనుమల్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేశారు. ఆ చలి సంగతి లంబసింగి వైపు వెళ్ళినవారికి నేను చెప్పనక్కరలేదు. ఒకరోజు పొద్దున్నే ఒక బాలింతనూ, ఆమె తల్లినీ, పదిరోజుల పసిగుడ్డునూ తీసుకుని అల్లుడు వచ్చాడు. పెద్దావిడ తల రెండు చేతులతో పట్టుకుని, "రాత్రి నుంచీ తల పగిలిపోతోంది బాబూ, కడుపులో తిప్పేస్తోంది" అంది. బాలింతకూ అదే తలనొప్పి, రెండు వాంతులు. ముందురోజు రాత్రి చేపల కూర తిన్నామన్నారు. ఇంకేముంది, చేప పడలేదు అనుకున్నాను. సెలైను పెట్టాను, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చాను. మధ్యాహ్నానికి ఇద్దరూ తేరుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నా వైద్యం పనిచేసిందని లోలోపల మురిసిపోయి ఇంటికి పంపించేశాను.

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. అదే కూర తిన్న అల్లుడికి ఏమీ కాలేదేం? అతను అరుగు మీద పడుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ బిడ్డతో లోపల తలుపు వేసుకుని, కుంపటి పెట్టుకుని పడుకున్నారు. వాళ్ళు తేరుకున్నది నా సెలైనుతో కాదు, నాలుగు గంటలపాటు మా ఆసుపత్రి వరండాలో కూర్చుని పీల్చిన మంచి గాలితో. నేను వాళ్ళను తిరిగి ఆ గదిలోకే పంపాను.

మర్నాడు తెల్లవారుజామున ముగ్గురినీ జీపులో వేసుకొచ్చారు. పెద్దావిడకు స్పృహ లేదు. బాలింత పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తోంది. బిడ్డ ఏడుపు పిల్లికూన మూలుగులా ఉంది. నాకు మొదట ఏమీ పాలుపోలేదు. విషయం పసిగట్టింది మా నర్సమ్మ. వాళ్ళను బయటికి తెచ్చేటప్పుడు ఆ గదిలోకి వెళ్ళి వచ్చిన మనిషి ఆవిడ. "సార్, ఆ గదిలో రెండు నిమిషాలుంటే నాకూ తల తిరిగింది. మూల కుంపటి ఉంది, కిటికీలకు గోనెపట్టాలు కుక్కారు" అంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం.

మా దగ్గర ఉన్నది ఒకే ఒక ఆక్సిజన్ సిలిండరు. తల్లికీ బిడ్డకూ మార్చి మార్చి అదే పెట్టాం. పెద్దావిడను అదే జీపులో అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి పంపించాం. ముగ్గురూ బతికారు. అందరం సంతోషించాం. మూడు వారాల తరువాత అల్లుడు మళ్ళీ వచ్చాడు. అత్తగారు మనిషి బాగానే లేచి తిరుగుతోందట గాని, నాలుగైదు రోజులుగా కూతురి పేరు మరిచిపోతోందట, పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం వెయ్యడం మరిచిపోతోందట, నడక తడబడుతోందట. ఈ విషవాయువు చేసే పనుల్లో ఇదీ ఒకటి. నయమైందనుకున్నాక, కొన్ని రోజులకో కొన్ని వారాలకో, మెదడు దెబ్బతిన్న లక్షణాలు బయటపడతాయి. కొంతమంది క్రమంగా కోలుకుంటారు. ఆవిడ పూర్తిగా కోలుకోలేదు. సిలిండరు ముందు ఎవరికి పెట్టాలన్నది ఆ ఉదయం నేను తీసుకున్న నిర్ణయం. ముందురోజు మధ్యాహ్నం ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ నిర్ణయం తీసుకోవలసిన అవసరమే వచ్చేది కాదు.

కంటికి కనపడని పొగ

బొగ్గుకు గాలి ధారాళంగా తగిలితే పూర్తిగా మండి, మనం బడిలో చదువుకున్న బొగ్గుపులుసు వాయువు తయారవుతుంది. గాలి చాలనప్పుడు సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్ అనే మరో వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. పచ్చికట్టె పొగ మన కళ్ళు మండించి బయటికి తరుముతుంది కనుక ఒకరకంగా మన హితవు కోరేదే. ఎర్రగా కాలిన బొగ్గుల్లో ఆ హెచ్చరిక కూడా ఉండదు. పొగంతా పోయాక తెచ్చి పెట్టుకునే కుంపటిలో పోయింది పొగే. విషవాయువు అప్పుడు కూడా పుడుతూనే ఉంటుంది. బొగ్గుల మీద నీలిరంగు మంట సన్నగా ఆడడం మీరు చూసే ఉంటారు. అది ఈ వాయువు మండుతున్న గుర్తే. రాత్రి పడుకునేముందు మంట తగ్గి, నిప్పుల మీద నివురు కప్పుతుంది చూడండి, అప్పుడు మండకుండా గదిలోకి వచ్చేది మరీ ఎక్కువ. నివురుగప్పిన నిప్పు అన్న మాట మనవాళ్ళు వేరే అర్థంలో వాడారు గాని, వైద్యుడిగా నాకు అది అక్షరాలా నిజమనిపిస్తుంది.

మన రక్తంలో హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ఉంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్ళంతా పంచిపెట్టడం దాని పని. కార్బన్ మోనాక్సైడ్ దానికి ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. సీట్లన్నీ అది ఆక్రమించుకుంటే ప్రాణవాయువుకు ఎక్కే చోటుండదు. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, లోపల ప్రాణవాయువు అందక మెదడూ గుండే ముందుగా సొమ్మసిల్లుతాయి. మొదట తలనొప్పి, తరువాత వికారం, కళ్ళు తిరగడం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియవు. తెలిసి లేవబోయినా కాళ్ళు సహకరించవు. తలుపు గడియ దాకా పాకి అక్కడే పడిపోయినవారున్నారు.

గర్భిణీల విషయం మరీ సున్నితం. కడుపులోని బిడ్డ హీమోగ్లోబిన్ ఈ వాయువును తల్లికంటే ఎక్కువగా పట్టుకుంటుంది, వదలడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తల్లికి కాస్త తలనొప్పి మాత్రమే ఉన్నప్పుడు కూడా లోపలి బిడ్డ ప్రమాదంలో ఉండవచ్చు. పుట్టిన పసిపాప సంగతికి వస్తే, పెద్దవాళ్ళు ఒక్కసారి ఊపిరి తీసేలోపు రెండు మూడుసార్లు తీస్తుంది. ఒంటి బరువుతో పోల్చి చూస్తే విషమూ ఆ లెక్కనే త్వరగా ఎక్కుతుంది. తలనొప్పి అని చెప్పలేదు కదా!

ఇక మీ ఉత్తరంలో ఉన్న అసలు వాదన: "మేమిద్దరం నిక్షేపంగా ఉన్నాం". ఉన్నారు, సంతోషం. కారణం మన కుంపటి మంచిదని కాదు, మన ఇళ్ళు అలాంటివి. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచీ, పై కిటికీల్లోంచీ, మూత సరిగా పడని తలుపుల్లోంచీ గాలి ఆడుతూనే ఉండేది. విజయనగరం చలికి ఎవరూ కిటికీలకు ప్లాస్టిక్ కాగితాలు అంటించుకోరు. కాశ్మీరులో అంటిస్తారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల పాటు సాగే గడ్డుచలిని అక్కడివాళ్ళు చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో గదికి సూదిమొన సందు కూడా లేకుండా కప్పేస్తారు. మీ అమ్మాయి నెలలు నిండేది సరిగ్గా ఆ రోజుల్లో. పెంకుటింటి కుంపటిని తీసుకెళ్ళి అలాంటి గదిలో పెడితే ఏమవుతుందో, ఏటా చలికాలంలో ఢిల్లీ నుంచి వచ్చే వార్తలు చదివితే తెలుస్తుంది. అంగీఠీ పెట్టుకుని పడుకున్న కుటుంబం తెల్లారి లేవలేదని. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు కూడా, ఆరుబయట మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యిలను ఇళ్ళలోకి తెచ్చుకుని ఎందరో ఈ విషవాయువు బారిన పడ్డారు. మన తెలుగు పిల్లలు వేలాదిగా ఉన్న చోటు అది. చదువుకున్నవాళ్ళకు తెలియదా అనకండి. చలి వేసినప్పుడు చదువు గుర్తుకు రాదు.

గదిలో చెంబుతో నీళ్ళు పెడితే విషవాయువును నీళ్ళు పీల్చేస్తాయని కొందరి నమ్మకం. ఈ వాయువు నీళ్ళలో కరిగేది చాలా తక్కువ. గాలి పొడిబారకుండా నీళ్ళు కాస్త పనికొస్తాయేమో గాని, ప్రాణం కాపాడవు.

పొయ్యి కొనేముందు గొట్టం కొనాలి

గొట్టం లేని బొగ్గుపొయ్యి ఏ కంపెనీదైనా, ఎంత ఖరీదైనదైనా, పడకగదికి పనికిరాదు. ఇంటాయన గోడకు కన్నం పెట్టనివ్వనంటే ఆ ఇంట్లో బొగ్గుపొయ్యి ఆలోచన అక్కడితో వదిలెయ్యండి. అతన్ని ఒప్పించగలిగితేనే ఈ కింది మాటలు మీకు పనికొస్తాయి. శ్రీనగర్‌లో గొట్టం ఉన్న పొయ్యిని బుఖారీ అంటారు. కట్టెలవీ, బొగ్గువీ, కిరసనాయిలువీ, గ్యాసువీ ఉంటాయి.

కట్టెల బుఖారీ కొని అందులో రాక్షసి బొగ్గు వెయ్యకూడదు. కట్టె బూడిద మీద పడుకుని కూడా మండుతుంది. రాక్షసి బొగ్గుకు కింద నుంచి గాలి తగలాలి. కనుక పొయ్యి అడుగున బలమైన ఇనప ఊచల జల్లెడ, దాని కింద బూడిద సొరుగు, ఆ సొరుగు దగ్గర గాలిని ఎక్కువ తక్కువ చేసుకునే మూత ఉండాలి. పల్చటి రేకుతో చేసినవి చవక. ఎర్రగా కాలి వంకర తిరుగుతాయి, అతుకులు విడతాయి, ఆ సందుల్లోంచి వాయువు గదిలోకి వస్తుంది. పోత ఇనుముతో గాని మందపాటి ఉక్కురేకుతో గాని చేసి, లోపల నిప్పు ఇటుకలు పేర్చినది చూడండి.

తలుపు బిగుతుగా పడుతుందో లేదో దుకాణంలోనే పరీక్ష చెయ్యవచ్చు. ఒక కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే మంచిది. సులువుగా జారి వస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు పక్కలా ఇలా చూడండి. దుకాణదారుడు నవ్వితే నవ్వనివ్వండి.

చాలామంది చేసే పొరపాటు, పెద్ద పొయ్యి కొనడం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదికి రెండు మూడు కిలోవాట్ల వేడి చాలు. అంటే మనం మామూలుగా వాడే రెండు రాడ్ల కరెంటు హీటరు ఇచ్చేంత వేడి. అంతకు మూడింతల పొయ్యి కొంటే గది ఉడికిపోతుంది, గాలి మూత పూర్తిగా బిగిస్తారు, లోపల బొగ్గు మండకుండా కునుకుతుంది. కునికే బొగ్గే విషవాయువు పుట్టించేది. గొట్టంలో కూడా ఒక అడ్డుమూత పెడుతుంటారు. అది పూర్తిగా మూసుకుపోయే రకం అయితే వద్దు. ఎంత మూసినా కొంత దారి మిగిలేలా దానికి రంధ్రం ఉండాలి.

గొట్టం వీలైనంత నిటారుగా, వంపులు తక్కువగా పోయి ఇంటి కప్పు దాటి పైకి లేవాలి. కిటికీలోంచి బయటికి అడ్డంగా తీసి వదిలేస్తే గాలి ఎదురు తిరిగినప్పుడు అంతా లోపలికే వస్తుంది; లేకపోతే పక్కింటి కిటికీలోకి పోతుంది. ఏటా చలికాలానికి ముందు గొట్టం దులిపించాలి. మసి, పక్షిగూళ్ళు, మంచు, ఏది అడ్డుపడినా చాలు. ఎమిలీ జోలా అని ఫ్రెంచి నవలాకారుడు, ప్రపంచ ప్రసిద్ధుడు, 1902లో పారిస్‌లోని తన ఇంట్లో పోయాడు. పొగగొట్టం మూసుకుపోయింది. అదే గదిలో ఉన్న భార్య బతికింది.

పొయ్యి మండుతున్నప్పుడు గదిలోకి కొత్త గాలి వచ్చే దారి తప్పనిసరి. పొయ్యి గాలిని లాక్కుని గొట్టంలోంచి పంపుతోంది కదా, ఆ మేరకు గాలి ఎక్కడి నుంచో రావాలి. అన్నీ మూసేస్తే గొట్టం లాగడం మానేస్తుంది. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికి ఉండగలదు. మూత ఉన్న ఇనప బక్కెట్లో ఎత్తి ఆరుబయట పెట్టండి, వరండాలో కాదు.

కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి గంట కొట్టే చిన్న యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పొగను పసిగట్టేవి వేరు, ఇవి వేరు, చూసి కొనండి. పడుకునే గదిలోనే పెట్టాలి, పెట్టె మీద రాసిన గడువు దాటితే మార్చాలి. యూరప్ ప్రమాణం ప్రకారం చేసినది, గాలిలో పది లక్షల వంతుల్లో 300 వంతులు ఈ వాయువు ఉంటే మూడు నిమిషాల్లోపు మోగుతుంది, 50 వంతులుంటే గంట నుంచి గంటన్నర లోపు మోగుతుంది. పొయ్యికి గొట్టం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరమని నా అభిప్రాయం. ఇది ఉంది కదా అని గొట్టం మానెయ్యడం మాత్రం కుదరదు.

గొట్టం ఉన్నా బొగ్గు బొగ్గే

ఇంత చెప్పి, చివరికి మీకు నా సలహా ఏమిటంటే బొగ్గుపొయ్యి కొనవద్దనే. రాక్షసి బొగ్గుకు విషవాయువు ఒక్కటే దోషం కాదు. అందులో గంధకం ఉంటుంది, మసిలో కాన్సరు కలిగించే పదార్థాలుంటాయి. చైనాలో యునాన్ రాష్ట్రంలో షువాన్‌వేయ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ జీవితంలో సిగరెట్టు ముట్టని ఆడవాళ్ళకు ఊపిరితిత్తుల కాన్సరు విపరీతంగా వచ్చేది. వాళ్ళు ఇంటి మధ్యలో గొట్టం లేని గుంటపొయ్యిలో పొగచూరే రాక్షసి బొగ్గు కాల్చేవారు. గొట్టాలు పెట్టించుకున్న ఇళ్ళలో కాలక్రమంలో ఆ జబ్బు గణనీయంగా తగ్గిందని 2002లో పరిశోధకులు ప్రకటించారు. తగ్గింది అన్నారు, పోయింది అనలేదు. పక్కనే ఉన్న గ్విజౌ రాష్ట్రంలో మరో విచిత్రం. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్‌తో వంకర తిరిగిన కాళ్ళు మనం చూశాం, అక్కడ దానికి కారణం నీళ్ళు. గ్విజౌలో అదే జబ్బు బొగ్గు వల్ల వచ్చింది. తడి మిరపకాయలూ మొక్కజొన్న పొత్తులూ బొగ్గు పొయ్యి మీద వేలాడదీసి ఆరబెట్టేవారు. పొగలోని ఫ్లోరైడ్ వాటికి పట్టి, తిండితో లోపలికి వెళ్ళింది.

ఇంట్లో రాక్షసి బొగ్గు కాల్చడం వల్ల వచ్చే పొగను అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ కాన్సరు కారకాల మొదటి తరగతిలోనే చేర్చింది. శుద్ధి చెయ్యని బొగ్గును ఇంటి ఇంధనంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. పోలండ్‌లోని క్రాకో నగరం 2019 సెప్టెంబరు నుంచి ఇళ్ళలో బొగ్గూ కట్టెలూ కాల్చడాన్నే నిషేధించింది. 1952 డిసెంబరులో లండన్ పొగమంచు వేలమందిని పొట్టన పెట్టుకున్నదీ చాలావరకు ఇళ్ళలోని బొగ్గు పొయ్యిల వల్లే. మన సింగరేణి ఊళ్ళలో సాయంత్రమయ్యేసరికి కార్టర్ల మీద పొగ దుప్పటిలా పరుచుకునే రోజులు నా వయసువాళ్ళకు గుర్తే. అక్కడ పొయ్యి ఎక్కువగా ఇంటి ముందు ఆరుబయట రాజేసేవారు, అది కొంత మేలు.

అక్కడివాళ్ళు మీకు కాంగ్రీ కూడా ఇస్తామంటారు. బుట్టలో అమర్చిన మట్టి నిప్పుకుండ, దుస్తుల కింద పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి దాని సెగ తగిలిన తొడల మీదా పొట్ట మీదా చర్మ కాన్సరు రావడాన్ని శ్రీనగర్‌లో పనిచేసిన ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే గుర్తించాడు. నాలుగు రోజుల వాడకానికి కాన్సరు రాదు గాని, నిండుగర్భిణి ఒడిలోనూ పసిపాప పక్కనా నిప్పుకుండ వద్దు. కాలిన గాయాలు చాలు.

మరి చలికి ఏం చెయ్యాలి? కరెంటుతో పనిచేసే నూనె నింపిన హీటరు కొనండి. నిప్పు లేదు, వాయువు లేదు, పగలంతా గదిని వేడెక్కించి ఉంచితే ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. ఇంటాయనతో గోడ తగాదా ఉండదు. వైరింగు అంత భారం మోస్తుందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి. పక్క వెయ్యబోయే ముందు వేడినీళ్ళ సంచితో దుప్పట్లు వెచ్చచేసి, సంచి తీసేసి, అప్పుడు పడుకోబెట్టండి. బిడ్డ పక్కన సంచి వదలకండి, పసిచర్మం ఊరికే కాలిపోతుంది. కరెంటు దుప్పటి పెద్దవాళ్ళకు సరే, పసిపిల్లలకు వద్దు.

పసిబిడ్డకు అన్నిటికన్నా మంచి కుంపటి తల్లి గుండె. నవ్వులాటకు అనడం లేదు. బిడ్డకు టోపీ, మేజోళ్ళు తొడిగి, ఒంటిమీద లంగోటీ తప్ప ఏమీ లేకుండా తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనించి, పైన శాలువా చుట్టండి. కంగారూ పద్ధతి అంటారు. నెలలు తక్కువ పిల్లలను సైతం దీనితో కాపాడుతున్నారు. తల్లి అలసిపోతే అమ్మమ్మ అయినా తండ్రి అయినా చెయ్యవచ్చు. అల్లుడుగారికి మొహమాటమైతే మీరే చెప్పి చేయించండి. బిడ్డ పొట్టా పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే సరిపోయినట్టే. పాదాలు చల్లబడి పొట్ట వెచ్చగా ఉంటే ఇంకో గుడ్డ కప్పాలి. పొట్ట కూడా చల్లబడి పాలు తాగకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పుట్టగానే స్నానం చేయించాలన్న తొందర వద్దు.

కరెంటు గంటల తరబడి పోతే? అప్పుడు గొట్టం ఉన్న బుఖారీ కూర్చునే గదిలో, అందరూ మెలకువగా ఉన్నంతసేపే. పడుకునేముందు పూర్తిగా ఆర్పించండి. గొట్టం లేని గ్యాసు హీటరు, కిరసనాయిలు స్టవ్వు కూడా మూసిన గదిలో ఇదే విషాన్ని ఇవ్వగలవు. "బొగ్గు కాదు కదా" అని మోసపోకండి.

ఎలా గుర్తించాలి

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, జ్వరం మాత్రం లేదు, బయటికి వెళితే తగ్గుతుంది, ఇంటికి వస్తే మళ్ళీ మొదలవుతుంది. ఇలా ఉంటే తిండిని తిట్టకుండా నిప్పును అనుమానించండి. ఎవరైనా పడిపోతే ముందు తలుపులు కిటికీలు బార్లా తెరిచి, మనుషులను ఆరుబయటికి లాగండి. లోపలే నిలబడి వైద్యం మొదలుపెట్టకండి, రెండోవారూ పడతారు. స్పృహ లేనివారి నోట్లో మజ్జిగ, నిమ్మరసం పొయ్యకండి. 108కి ఫోను చెయ్యండి. డాక్టరు దగ్గర మొదటి మాటగా "గదిలో నిప్పు ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క మాట దొరక్క నేనెలా తప్పటడుగు వేశానో పైన చదివారు.

కరోనా రోజుల్లో చాలా ఇళ్ళలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కొన్నారు. ఈ విషయంలో దాన్ని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న రక్తాన్ని కూడా అది ప్రాణవాయువు ఉన్న రక్తంగానే లెక్కపెడుతుంది. మనిషి ప్రమాదంలో ఉండగా అది హాయిగా 98 చూపించవచ్చు. అసలు సంగతి వేరే రక్తపరీక్షలో తెలుస్తుంది. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. గర్భిణికి బాగున్నట్టనిపించినా ఇంకా ఎక్కువసేపు ఇస్తారు, కడుపులో బిడ్డ కోసం. మధ్యలో లేచి రావద్దు. ఇంటికి వచ్చాక నెల పదిహేను రోజుల దాకా మతిమరుపు, తడబాటు, స్వభావంలో మార్పు ఏదైనా కనిపిస్తే మళ్ళీ చూపించండి.

ఈ వారమే ఇంకొక పాఠకుడు, బెంగుళూరు నుంచి, స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టించాక తన భార్య రెండుసార్లు కళ్ళు తిరిగి పడిందనీ, రక్తహీనత మందులు రాసిమ్మనీ అడిగారు. అయ్యా, మందులు తరువాత. ముందు ఆ గీజరును గదిలోంచి బయటి గోడకు మార్పించండి. పైన చెప్పిన కథే మీది కూడా.

మన పురిటి గదుల్లో సాంబ్రాణి పొగ గురించి అడిగిన ఖమ్మం సోదరికి: తల్లి జుట్టు ఆరబెట్టడానికి తువ్వాలు చాలు. నిప్పుల మీద వేసే సాంబ్రాణి బిడ్డ ఉన్న గదిలో వద్దు. తప్పదని పెద్దలు పట్టుబడితే తల్లి ఒక్కతే పెరటి వసారాలో కూర్చుని పట్టించుకుని లోపలికి రావచ్చు.

శ్రీనగర్ సోదరికి ఒక మాట. మీ అమ్మగారు ఉన్నారో లేదో రాయలేదు. ఉండి, కుంపటి కోసం పట్టుబడుతుంటే ఈ పేజీ చదివి వినిపించండి. కాదూ కూడదంటే, పగటిపూట వరండాలో ఆరుబయట ఆవిడ కోసం ఒక చిన్న కుంపటి రాజేసి, దాని మీద బాలింతకు కారప్పొడి అన్నంలోకి వెల్లుల్లి వేయించమనండి. సాయంత్రానికి నిప్పులు నీళ్ళు చల్లి ఆర్పేదాకా మీరే దగ్గరుండండి. బిడ్డ పుట్టాక బరువెంతో రాయండి.